ఆరేళ్లలోపు పసివారి ప్రత్యేక గురువులు

పుట్టుకతోనో, కాన్పు సమయంలోనో, ఆ తర్వాత సోకిన జబ్బువల్లనో వైకల్యం ఏర్పడిన పిల్లలకు, ఆరేళ్లు నిండేలోపే అందించే శిక్షణనూ చికిత్సనూ కలిపి ఎర్లీ ఇంటర్వెన్షన్, అంటే తొలిదశ సేవలు, అని వ్యవహరిస్తారు. ఫిజియోథెరపిస్టు, స్పీచ్ థెరపిస్టు, మనస్తత్వ నిపుణుడు తమ తమ పరిధిలో పాలుపంచుకున్నా, వారందరూ చెప్పినదాన్ని ఒక పసిబిడ్డ దినచర్యలో ఇమిడేలా మలిచి తల్లిదండ్రుల చేతికి అందించే బాధ్యత స్పెషల్ ఎడ్యుకేటర్‌గా పిలిచే ప్రత్యేక ఉపాధ్యాయులది. ఈ పనిని సమాజం ఓర్పూ దయా ఉంటే చాలనుకునే సేవగా చూస్తుండటంవల్ల, దాని వెనుక ఉన్న శాస్త్రానికీ నైపుణ్యానికీ దక్కవలసిన గౌరవం ఇంకా దక్కలేదు.

మెదడులో నాడీకణాల మధ్య అనుసంధానాలు అత్యంత వేగంగా ఏర్పడేది తొలి ఏళ్లలోనే కాబట్టి ఈ వృత్తిలో కాలానికున్న విలువ మరి దేనికీ లేదు. వినికిడి లోపం విషయంలో నిపుణులు అంగీకరించిన నియమం ప్రకారం నెలలోపు పరీక్ష, 3 నెలల్లోపు నిర్ధారణ, 6 నెలల్లోపు శిక్షణ ప్రారంభం జరగాలి. అయితే తెలుగు ఇళ్లలో ‘మగపిల్లలకు మాటలు ఆలస్యంగానే వస్తాయి’, ‘వాళ్ల నాన్నకూ అంతే’ అనే ఓదార్పుతో రెండేళ్లు గడిచిపోవడం సాధారణం. తిరువనంతపురంలోని చైల్డ్ డెవలప్‌మెంట్ సెంటర్ రూపొందించిన 17 అంశాల పట్టిక వంటి సాధనాలతో, రెండేళ్లలోపు బిడ్డ ఎదుగుదలలో వెనుకబాటును అంగన్‌వాడీ కార్యకర్త సైతం కొద్ది నిమిషాల్లో పసిగట్టవచ్చు. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం: రెండు నెలల ముందుగా పుట్టిన పది నెలల బిడ్డను ఎనిమిది నెలల బిడ్డగానే లెక్కించాలి. సవరించిన వయసు అనే ఈ లెక్కను మరచిపోతే కుటుంబం అనవసరంగా భయపడుతుంది.

శిక్షణకు మూలసూత్రం పని విశ్లేషణ, అంటే ఒక పనిని బిడ్డ సాధించగలిగినంత చిన్న చిన్న మెట్లుగా విడగొట్టడం. నిక్కరు తొడుక్కోవడం పెద్దలకు ఒకే పనిగా కనిపించినా, దాన్ని సరైన వైపు పట్టుకోవడం, ఒక కాలు దూర్చడం, రెండో కాలు దూర్చడం, మోకాళ్లదాకా లాగడం, నిలబడి నడుముదాకా లాక్కోవడం అనే వేర్వేరు అడుగులు అందులో ఉన్నాయి. అనుభవజ్ఞులైన ఉపాధ్యాయులు మొదటి అడుగుతో కాక చివరి అడుగుతో మొదలుపెడతారు. తల్లి నిక్కరును తుంటిదాకా లాగి వదిలితే, మిగిలిన జానెడు దూరం బిడ్డ లాక్కుంటాడు, అది కుదిరాక మోకాళ్ల దగ్గరే వదిలేస్తారు. వెనుక నుంచి ముందుకు నేర్పే ఈ పద్ధతి గొప్పదనమేమిటంటే, ప్రతిసారీ పనిని పూర్తిచేసిన తృప్తి బిడ్డకే దక్కుతుంది, మెచ్చుకోలు కూడా సరిగ్గా ఆ క్షణానికే అందుతుంది. సహాయాన్ని కూడా ఒక క్రమంలో ఉపసంహరిస్తారు: మొదట చేయి పట్టి చేయించడం, తర్వాత చేసి చూపించడం, ఆపైన మాటతో గుర్తుచేయడం, చివరకు సైగతో సరిపెట్టడం. ఎప్పుడు చేయి తీసేయాలో తెలియడమే ఈ వృత్తిలో అసలైన నేర్పు; ఒకరోజు ముందు తీస్తే బిడ్డ ఓడిపోతాడు, ఆలస్యంగా తీస్తే ఆ చేతికే అలవాటుపడతాడు.

శరీర స్థితిని సరిచేయడం మరో ముఖ్యాంశం. మెదడుకు జరిగిన నష్టంవల్ల కండరాల బిగుతూ కదలికలూ అదుపు తప్పే సెరెబ్రల్ పాల్సీ ఉన్న బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టి తినిపిస్తే ఆహారం ఊపిరితిత్తుల్లోకి జారే ప్రమాదముంది కనుక, నిటారుగా కూర్చోబెట్టి, తల కొద్దిగా ముందుకు వంచి, పాదాలకు ఆనుడు ఇచ్చి తినిపించడం నేర్పుతారు. కాళ్లు కత్తెరలా పెనవేసుకుపోయే బిడ్డను, కాళ్లు ఇరువైపులా చాచి చంకనెత్తుకోవడం మంచిదని చెబుతారు. పల్లెటూరి తల్లులు తరతరాలుగా పిల్లలను ఎత్తుకునే తీరే ఇక్కడ చికిత్సగా పనికిరావడం గమనించదగినది. అలాగే మాటలు నేర్పడానికి బొమ్మల కార్డులకన్నా స్నానం, అన్నం, నిద్ర వేళలే అనువైనవి, ఎందుకంటే ‘నీళ్లు’ అన్న మాట బిడ్డకు అవసరపడేది అక్కడే.

ఇంటినే బడిగా మలిచే ఈ ఆలోచనకు ప్రసిద్ధమైన రూపం పోర్టేజ్ పద్ధతి. 1969లో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో పోర్టేజ్ అనే పట్టణంలో ఇది మొదలైంది. దూరదూరంగా విసిరేసినట్లున్న పల్లెల పిల్లలను రోజూ కేంద్రానికి తీసుకురావడం సాధ్యంకానందున, ఉపాధ్యాయులు వారానికొకసారి ఇంటికి వెళ్లి తల్లిదండ్రులకు లక్ష్యాలు నేర్పి, మరుసటి వారం ఫలితం చూసేవారు. భారతదేశంలోనూ ఈ పద్ధతిని స్థానిక పరిస్థితులకు తగినట్లు మార్చుకున్నారు.

తెలుగు ప్రాంతానికి ఈ రంగంలో చెప్పుకోదగ్గ చరిత్ర ఉంది. సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో 1984లో ఏర్పడిన జాతీయ సంస్థ మేధో వైకల్య రంగానికి దేశమంతటికీ నిపుణులను తయారుచేస్తోంది. ఇంటర్మీడియట్ తర్వాత రెండేళ్ల ప్రత్యేక విద్యా డిప్లొమా చదివి, 1992 చట్టంతో ఏర్పడిన భారత పునరావాస మండలిలో పేరు నమోదు చేసుకున్నవారికి ఈ వృత్తిలో ప్రవేశించే అర్హత లభిస్తుంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఏర్పాటైన జిల్లా సత్వర చికిత్సా కేంద్రాలూ, మండలాల్లోని భవిత కేంద్రాలూ వారికి పనిచేసే చోట్లు.

కానీ చట్టంలో ఒక ఖాళీ మిగిలిపోయింది. వైకల్యాల జాబితాను 21కి పెంచిన 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం, ఉచిత విద్యాహక్కును 6 నుంచి 18 ఏళ్ల వయసుకే ప్రకటించింది. మెదడు అత్యధికంగా మారగల తొలి ఆరేళ్లు ఆ హక్కుకు వెలుపలే ఉండిపోయాయి. దివ్యాంగ బాలల కోసం 2023 నవంబరులో కేంద్రం విడుదల చేసిన అంగన్‌వాడీ ప్రోటోకాల్ ఈ లోటును కొంత గుర్తించింది. అయినా కార్యకర్త పసిగట్టిన బిడ్డకు వారం వారం నేర్పే శిక్షితులు దగ్గరలో లేకపోతే ఆ గుర్తింపు కాగితాలకే పరిమితమవుతుంది. ప్రతి మండలంలోనూ తొలిదశ సేవలకు ప్రత్యేక ఉపాధ్యాయులను శాశ్వత ప్రాతిపదికన నియమించి, ఇళ్లకు వెళ్లివచ్చే ప్రయాణ ఖర్చును జీతంతోపాటు చెల్లించే ఏర్పాటు చేయడం రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాల తక్షణ కర్తవ్యం. తల్లిదండ్రులు కూడా, వైకల్య ధ్రువపత్రం చేతికి వచ్చేదాకా ఆగకుండా, అనుమానం కలిగిన వారమే బిడ్డను సమీప కేంద్రానికి తీసుకువెళ్లాలి.