ఎవరి కుంచంతో కొలుస్తున్నాం?

ఎదిగే వయసు పిల్లలు నలుగురిలో ఎంత భయపడుతున్నారో కొలవడానికి మనస్తత్వ శాస్త్రవేత్తలు ప్రశ్నావళులు తయారుచేశారు. వాటిలో పేరున్న ఒకదాన్ని అమెరికాలో లా గ్రెకా, లోపెజ్ 1998లో వెలువరించారు. అందులో లెక్కకు వచ్చే వాక్యాలు 18. ఒక్కోదానికి 1 నుంచి 5 దాకా మార్కులు. తోటివాళ్లు ఏమనుకుంటారో అన్న దిగులు, కొత్తవాళ్ల ముందు ఇబ్బంది, తెలిసినవాళ్ల మధ్య కూడా ముడుచుకుపోవడం అని మూడు భాగాలు.

అక్కడి బడిపిల్లలకు అది పనికొచ్చే సాధనమే. దాన్ని వేరే సమాజానికి తీసుకుపోయి మార్కులు పక్కపక్కన పెట్టినప్పుడే చిక్కు. ఈ సంత కుంచం, ఆ సంత కుంచం ఒకటేనని తేలకుండా ఎవరి ధాన్యం ఎక్కువో ఎలా చెబుతాం? ప్రశ్నల్ని అనువదిస్తే సరిపోదు. ఒకే స్థాయి భయం ఉన్న పిల్లలు, ఏ సమాజం వారైనా, ఒక ప్రశ్నకు ఒకే తీరున జవాబిస్తారా అని పరీక్షించాలి. దీన్నే కొలత సమానత అంటారు.

మొదటి చిక్కు మాటలో ఉంది. సిగ్గు, బిడియం, బెరుకు, జంకు, మొహమాటం ఒకటి కావు. పైగా సిగ్గు మంచి గుణం కూడా, మన దగ్గర "సిగ్గులేదా?" అనేది తిట్టు. "నాకు సిగ్గెక్కువ" అన్న వాక్యానికి టిక్కు పెట్టిన పిల్ల బాధ చెప్పుకుందా, తన పెంపకం గురించి చెప్పిందా? ఇంట్లో కోయ, కువి, సవర మాట్లాడే పిల్లలకు ఆ తెలుగే రెండో భాష.

రెండో చిక్కు భయం రూపంలో ఉంది. జపాన్‌లో తైజిన్ క్యోఫుషో అనే బాధ ఉంది. తన చూపో, ఒంటి వాసనో, ఎర్రబడిన ముఖమో ఎదుటివారిని ఇబ్బంది పెడుతుందేమోనన్న భయం అది. "నన్ను చూసి నవ్వుతారేమో" అని మాత్రమే అడిగితే అది దొరకదు. 2013లో వచ్చిన అమెరికా మానసిక వైద్యుల గ్రంథం డీఎస్ఎం-5, ఇతరులను నొప్పిస్తానేమోనన్న భయాన్ని కూడా సామాజిక ఆందోళన లక్షణాల్లో చెప్పింది. కొలిచేవాళ్లు నేర్చుకోగలరన్నమాట.

మన ఆశ్రమ పాఠశాలల్లో మూడో చిక్కు ఉంది. పలుకు తేడా వస్తే నిజంగానే నవ్వే తరగతిలో పిల్లవాడు నోరు విప్పకపోవడం సబబే. ఆ భయాన్ని అతని ఖాతాలో రాసి, నవ్వినవాళ్లను వదిలేసే కొలత అన్యాయం చేస్తుంది.

అలాగని "మన పిల్లలు సిగ్గరులు" అని సరిపెట్టుకోవడమూ అన్యాయమే. ఉపాధ్యాయులు ముందు చూడాల్సింది ఇది: ఈ మౌనం ఎక్కడ, ఎవరి ముందు, ఏ భాషలో? సొంత ఊళ్లో, సొంత భాషలో గలగలా మాట్లాడే పిల్లవాడు బడిలోనే మూగబోతే, ముందు మారాల్సింది బడి. తనవాళ్ల మధ్య కూడా ముడుచుకుపోతూ, నలుగురిలో అన్నం తినలేక, చదువు మానేసే దాకా వస్తే సాయం కావాలి. ప్రభుత్వ టెలీ మానస్ 14416కు ఫోన్ చేస్తే ఉచితంగా, తెలుగులో మాట్లాడవచ్చు. మన భాషల్లోనూ అలా మాట్లాడే వీలు కావాలని అడగడం మన వంతు.