అడుగు కలవడానికి పట్టే కాలం

ఏప్రిల్ వచ్చిందంటే కొండాపూర్, గచ్చిబౌలి, మణికొండ అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో సమ్మర్ క్యాంపుల పోస్టర్లు మొదలవుతాయి. ఈత, చదరంగం, రోబోటిక్స్, కర్ణాటక సంగీతం. కొన్నేళ్లుగా వాటి మధ్యలో ఇంకో రకం కూడా కనిపిస్తోంది. మిలిటరీ రంగు చొక్కాలు, బుగ్గల మీద నల్ల చారలు, తాళ్ల వంతెన మీద వేలాడుతున్న పిల్లలు, కింద ఒక హామీ. పది రోజులు పంపండి, క్రమశిక్షణతో తిరిగొస్తారు.

డబ్బు కట్టే తల్లిదండ్రుల బాధ అర్థం కానిది కాదు. ఇద్దరూ ఉద్యోగస్తులైన ఇంట్లో అమెరికా వాళ్లతో కాల్స్ అయ్యేసరికి అర్ధరాత్రి దాటుతుంది. పెద్దలు మేలుకుని ఉన్న ఇంట్లో పిల్లలు మాత్రం ఎందుకు పడుకుంటారు? పొద్దున స్కూల్ బస్సుకు లేపడం ఒక యుద్ధం, ఫోను చేతిలోంచి తీసుకోవడం ఇంకో యుద్ధం. ఎవరో ఒకరు వీణ్ణి దారిలో పెడితే బాగుండునని ఏ తల్లికైనా అనిపిస్తుంది. కానీ ఆ తల్లి కోరుకుంటున్నది పది రోజుల్లో చేతికొచ్చేది కాదు. అది దొరికే చోటు మాత్రం ఉంది. ఫీజు దాదాపు ఉండదు, యూనిఫాం ఖర్చు వాళ్లే ఇస్తారు. కావలసిందల్లా రెండేళ్లో మూడేళ్లో ఓపిక పట్టడం.

నేషనల్ కేడెట్ కోర్, అందరూ అనే ఎన్‌సీసీ, హృదయనాథ్ కుంజ్రూ కమిటీ సిఫార్సుతో, 1948 నాటి చట్టంతో పుట్టింది. ఆ ఏడాది జులైలో అది మొదలైనప్పుడు హైదరాబాద్ ఇంకా భారతదేశంలో కలవలేదు. పోలీసు చర్య జరిగింది రెండు నెలల తర్వాత, సెప్టెంబరులో. 1949లో అమ్మాయిల విభాగం, 1950లో ఎయిర్ వింగ్, ఆ తర్వాత నేవల్ వింగ్ వచ్చాయి. చైనా యుద్ధం తర్వాత 1963లో కాలేజీ పిల్లలందరికీ దీన్ని తప్పనిసరి చేశారు. 1968లో మళ్లీ ఇష్టమున్నవాళ్లకే అన్నారు. ఆ అయిదేళ్లలో కాలేజీ చదివినవాళ్లు ఇప్పుడు ఎనభైకి దగ్గరపడ్డారు. చందానగర్ పార్కులోనో, రామచంద్రాపురం బీహెచ్ఈఎల్ కాలనీలోనో పొద్దున్నే నడిచే పెద్దాయన్ని కదిపితే ఖాకీ నిక్కరు గంజి గురించీ, పరేడ్ అయ్యాక పెట్టిన టిఫిన్ గురించీ ఓ గంట చెబుతాడు. మొగల్తూరు కుర్రాడు కొణిదెల శివశంకర వరప్రసాద్ 1970లలో నర్సాపురం వైఎన్ కాలేజీలో చదువుతూ ఎన్‌సీసీ కేడెట్‌గా ఢిల్లీ రిపబ్లిక్ డే పరేడ్‌లో నడిచాడు. తర్వాత ఆయనే చిరంజీవి అయ్యాడు.

ఎన్‌సీసీలో చేరితే పిల్లవాణ్ణి సైన్యంలోకి లాక్కుపోతారన్న భయం ఇప్పటికీ కొన్ని ఇళ్లలో ఉంది. అలాంటి బాధ్యత ఏదీ కేడెట్ మీద ఉండదు. స్కూల్లో రెండేళ్లు జూనియర్ విభాగం, చివర్లో ‘ఏ’ సర్టిఫికెట్. కాలేజీలో సీనియర్ విభాగం, రెండో ఏడాది ‘బీ’, మూడో ఏడాది ‘సీ’. అంతే.

ఇంతకీ ఆ రెండు మూడేళ్లలో జరిగేదేమిటి? మొదటి రోజు గ్రౌండ్‌కు వెళ్లి చూస్తే తెలుస్తుంది. సైన్యం నుంచి వచ్చిన హవల్దార్‌ను కేడెట్లు ‘ఉస్తాద్’ అంటారు. ఆయన నోట వచ్చే తొలి మాటల్లో ఒకటి: ‘లంబా దాహినే, ఛోటా బాయే’. పొడుగు వాళ్లు కుడివైపు, పొట్టి వాళ్లు ఎడమవైపు. స్కూల్లో మార్కులను బట్టి, కాలనీలో ఫ్లాటు సైజును బట్టి, ఇంట్లో ఇంకా దేన్ని బట్టో వరసలు అలవాటైన పిల్లలు ఇక్కడ ఒంటి పొడవును బట్టి నిలబడతారు. విల్లాలో ఉండే పిల్లవాడి పక్కన, అదే విల్లాల గేటు దగ్గర డ్యూటీ చేసే సెక్యూరిటీ గార్డు కొడుకు నిలబడవచ్చు. ఇద్దరూ అయిదడుగుల రెండంగుళాలైతే చాలు.

ఆ తర్వాత సావ్‌ధాన్. మడమలు కలవాలి, పాదాల ముందు భాగాలు కొంచెం ఎడంగా ఉండాలి, పిడికిళ్లు మూసి బొటనవేళ్లు ప్యాంటు కుట్టు మీద ఆనించాలి, చూపు ఎదురుగా. చెప్పుకోవడానికి ఎంత తేలికో, నిలబడితే అంత కష్టం. ముక్కు మీద ఈగ వాలుతుంది, తోలకూడదు. ‘తేజ్ చల్’ అనగానే ఎడమకాలు ముందు పడాలి, కుడిచెయ్యి ముందుకు ఊగాలి. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి నడుస్తున్నవాడే, ఎవరో చూస్తున్నారని తెలిసేసరికి ఎడమకాలుతో పాటు ఎడమచెయ్యి కూడా లేపుతాడు. వరసలో నవ్వులు. ఉస్తాద్ నవ్వడు, మళ్లీ మొదటికి పంపిస్తాడు. అడుగుకు ముప్పై అంగుళాలు, నిమిషానికి నూట ఇరవై అడుగులు. పొడుగువాడు అడుగు కుదించుకోవాలి, పొట్టివాడు సాగదీసుకోవాలి. ముప్పై మంది బూట్లూ ఒకే చప్పుడు చెయ్యడానికి వారాలు పడుతుంది. అంతవరకూ ప్రతివాడూ పక్కవాడి చప్పుడు వింటూ తన అడుగు సరిచేసుకుంటూ ఉండాల్సిందే. డ్రిల్ నేర్పే అసలు సంగతి ఈ వినడమే. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని పెరుగుతున్న తరానికి ఇంతకంటే పనికొచ్చే చదువు ఇంకోటి ఉందా అనిపిస్తుంది.

ఫైరింగ్ రేంజ్ దగ్గర ఇదే పాఠం ఇంకో రూపంలో వస్తుంది. పాయింట్ టూటూ రైఫిల్. పిల్లలు నేల మీద బోర్లా పడుకుంటారు, మోచేతులు మట్టిలో దిగబడతాయి. రైఫిల్ మడమ భుజానికి గట్టిగా ఆనాలి, లేకపోతే గురి కదిలిపోతుంది. ఊపిరి తీసి, సగం వదిలి, బిగబట్టాలి. ట్రిగ్గర్‌ను గుంజకూడదు, వేలితో మెల్లగా ఒత్తాలి. కొత్తవాళ్లు టార్గెట్ నడిమధ్యన తగలాలని ఆరాటపడతారు. ఉస్తాద్ కాగితం తెచ్చి చూసేది అది కాదు. పేల్చిన అయిదు గుళ్లూ ఒకదానికొకటి ఎంత దగ్గరగా పడ్డాయన్నది చూస్తాడు. దీన్నే గ్రూపింగ్ అంటారు. అయిదూ ఒక మూలకు గుంపుగా పడితే ఫరవాలేదు, గురి ఎటు జరపాలో చెప్పొచ్చు. ఒకటి నడిమధ్యన పడి మిగతా నాలుగూ తలోదిక్కూ పోతే అది అదృష్టమే తప్ప నేర్పు కాదు. ఒక పరీక్షలో ర్యాంకు వచ్చిందా లేదా అన్నదే లెక్కగా పెరుగుతున్న పిల్లలకు, అయిదుసార్లూ ఒకేలా చెయ్యగలవా అని అడిగే చోటు ఇంకెక్కడ దొరుకుతుంది?

క్యాంపు మాటకొద్దాం. ఎన్‌సీసీలో మామూలుగా జరిగేది పది రోజుల వార్షిక శిక్షణ శిబిరం. ‘బీ’ సర్టిఫికెట్ పరీక్ష రాయాలంటే కనీసం ఒక క్యాంపు, ‘సీ’కి రెండు చేసి ఉండాలి. పొద్దున చీకటితో లేవడం, పీటీ, ఫాలిన్, డ్రిల్, మ్యాప్ రీడింగ్, కంచం పట్టుకుని మెస్ దగ్గర లైను, సాయంత్రం ఆటలు, రాత్రి రోల్‌కాల్. ఎవరి కంచం వాళ్లే కడుక్కోవాలి. ఎవరి దుప్పటి వాళ్లే మడతపెట్టాలి, అదీ పక్కవాడి మడతతో సమానంగా. టోపీ తలకు కుదురుగా కూర్చోవడానికి దాన్ని తడిపి, తల మీదే ఆకారం తెచ్చి ఆరబెట్టే విద్య సీనియర్ నుంచి జూనియర్‌కు ఇక్కడే అందుతుంది. పైకి చూస్తే ప్రైవేటు క్యాంపు కూడా పది రోజులే కదా అనిపిస్తుంది. ఎన్‌సీసీ క్యాంపుకు ముందు ఏడాది పొడవునా పరేడ్లు ఉంటాయి, తర్వాతా ఉంటాయి. పిల్లవాడు క్యాంపు నుంచి తిరిగొచ్చిన వారానికి అదే గ్రౌండ్‌లో అదే వరసలో నిలబడతాడు. ప్రైవేటు క్యాంపు నుంచి తిరిగొచ్చినవాడు సోఫాలో కూర్చుంటాడు.

ఎన్‌సీసీలో అంతా మంచే అనడం కూడా నిజం కాదు. 2023 ఆగస్టులో మహారాష్ట్రలోని థానేలో ఒక కాలేజీలో సీనియర్ కేడెట్ ఒకడు జూనియర్లను వానలో నేల మీద వంచి కర్రతో కొడుతున్న వీడియో దేశమంతా చూసింది. యూనిఫాం ఉన్నంత మాత్రాన దెబ్బ శిక్షణ అయిపోదు. అరవడం, అవమానించడం, ఎండలో నిలబెట్టడం సైనిక పద్ధతి అనుకునేవాళ్లు ప్రైవేటు క్యాంపుల్లోనూ ఉంటారు. హైదరాబాద్ మే ఎండ నలభై దాటుతుంది. ఆ ఎండలో మిట్టమధ్యాహ్నం పిల్లల్ని పరిగెత్తించే నిర్వాహకుడికి సైన్యం గురించీ తెలియదు, పిల్లల గురించీ తెలియదు. నీడ, నీళ్లు, డాక్టరు, అమ్మాయిలుంటే రాత్రిపూట మహిళా సిబ్బంది ఉన్నారా లేదా అని డబ్బు కట్టే ముందే నిలదీసి అడగాలి. పిల్లవాణ్ణి అక్కణ్నుంచి ఇంటికి ఫోను చేసుకోనివ్వని క్యాంపుకు పంపకూడదు.

తెలుగు నేల మీద కఠిన శిక్షణ పిల్లల్ని ఎంత దూరం తీసుకెళ్లగలదో తెలియాలంటే భువనగిరి వైపు చూడాలి. హైదరాబాద్‌కు యాభై కిలోమీటర్ల దూరంలో, కోటను మోస్తున్న ఆ ఏకశిల కొండ మీద సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు తాడు పట్టుకోవడం నేర్చుకున్నారు. వాళ్లలో నిజామాబాద్ జిల్లా పాకాల అమ్మాయి మాలావత్ పూర్ణ, ఖమ్మం వైపు నుంచి వచ్చిన సాధనపల్లి ఆనంద్ కుమార్ ఉన్నారు. అప్పట్లో గురుకులాల కార్యదర్శిగా ఉన్న ఐపీఎస్ అధికారి ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్ పూనిక, కోచ్ శేఖర్ బాబు బాచినేపల్లి నేర్పు వాళ్లను డార్జిలింగ్‌కు, లద్దాఖ్ చలికి పంపాయి. 2014 మే 25న ఆ ఇద్దరూ టిబెట్ వైపు నుంచి ఎక్కి ఎవరెస్ట్ మీద నిలబడ్డారు. పూర్ణకు అప్పటికి పదమూడేళ్ల పదకొండు నెలలు. పోస్టర్లలో పిల్లలు రాయి ఎక్కుతున్న బొమ్మ వెయ్యడం తేలిక. పూర్ణ వెనక నెలల తరబడి సాగిన శిక్షణ ఉంది, ఆ నెలలన్నీ ఆమెను వదలకుండా చూసుకున్న పెద్దలు ఉన్నారు.

అలాంటి పెద్దలే ఎన్‌సీసీకీ ప్రాణం. కాలేజీలోనో స్కూల్లోనో పాఠాలు చెప్పే ఒక మాస్టారు లేదా టీచరమ్మ ముందుకొచ్చి, అసోసియేట్ ఎన్‌సీసీ ఆఫీసర్‌గా శిక్షణ తీసుకుంటారు. మగవాళ్లు నాగపూర్ దగ్గర కామఠీలో, ఆడవాళ్లు గ్వాలియర్‌లో. పిల్లలకు వాళ్లు ‘ఎన్‌సీసీ సార్’, ‘ఎన్‌సీసీ మేడం’. బూట్ల సైజుల జాబితా, క్యాంపుకు తల్లిదండ్రుల సంతకాలు, రైల్లో ముప్పై మంది తలలు లెక్కపెట్టుకోవడం అన్నీ వాళ్ల మీదే. జీతానికి మించిన ఈ చాకిరీ చేసే మనిషి దొరక్కపోతే ఎంత పెద్ద స్కూల్లోనైనా ఎన్‌సీసీ నిలవదు.

ఐటీ కారిడార్‌లో ఇంకో లోటు కూడా కనిపిస్తుంది. 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యాక ఈ రాళ్ల గుట్టల మీద ఆఫీసులు వచ్చాయి, ఆకాశాన్నంటే అపార్ట్‌మెంట్లు వచ్చాయి, వాటి వెంట పెద్ద ఫీజుల స్కూళ్లూ వచ్చాయి. పిల్లలు ఎండలో వరస కట్టగలిగే మైదానాలు మాత్రం అలా రాలేదు. కొండాపూర్‌లో స్పెషల్ పోలీస్ ఎనిమిదో బెటాలియన్ మైదానం ఉంది. ఆ పక్కనుంచే టెక్కీల క్యాబులు, స్కూలు బస్సులు పోతుంటాయి. లోపల కవాతు చేసేవాళ్లు జిల్లాల నుంచి వచ్చిన యువకులు. బయట బస్సులో కూర్చున్న పిల్లలకు ఆ ప్రపంచం కిటికీలోంచి కనిపించేది మాత్రమే. డిగ్రీ కాలేజీలో చేరి ఎన్‌సీసీ తీసుకునే పిల్లలకు ఇందులో బతుకుదెరువు కూడా ఉంది. ‘సీ’ సర్టిఫికెట్ మంచి గ్రేడుతో ఉంటే రాతపరీక్ష లేకుండా నేరుగా ఎస్ఎస్‌బీ (సర్వీసెస్ సెలక్షన్ బోర్డు) ఇంటర్వ్యూకు వెళ్లి ఆర్మీ ఆఫీసర్ కావచ్చు. అగ్నివీర్ ఎంపికల్లో బోనస్ మార్కులున్నాయి. విల్లాల పిల్లలకు ఆ అవసరం ఉండకపోవచ్చు. కానీ ముప్పై మందిలో ఒకడిగా నడవడం నేర్చుకోవాల్సిన అవసరం ఇద్దరికీ సమానమే. నిజం చెప్పాలంటే విల్లా పిల్లవాడికే ఎక్కువ. వాడికి పక్కవాడి కోసం అడుగు కుదించుకునే సందర్భం ఇంకెక్కడా రాదు.

2024 దాకా దేశంలో ఎన్‌సీసీ కేడెట్ల సీట్లు సుమారు 17 లక్షలు. కేడెట్లలో మూడో వంతుకు పైగా అమ్మాయిలే. మరో 3 లక్షల మందిని చేర్చుకునే విస్తరణకు 2024లో రక్షణ మంత్రిత్వ శాఖ ఆమోదం తెలిపింది. ప్రభుత్వ ఖర్చుతో నడిచే సీట్ల కోసం వరసలో వేచి ఉండలేని ప్రైవేటు విద్యాసంస్థలకు ఇంకో దారి ఉంది. ఖర్చు సంస్థే భరించేలా స్వయం ఆర్థిక పథకం కింద ట్రూప్ పెట్టుకోవచ్చు. గుర్రపు స్వారీకీ స్విమ్మింగ్ పూల్‌కూ స్థోమత ఉన్న స్కూలుకు యాభై జతల బూట్లు, వారానికి రెండు పూటల గ్రౌండ్ బరువు కావు.

స్కూళ్లు జూన్‌లో తెరుస్తారు. కొత్త కేడెట్ల చేరికలు ఆ తర్వాతే మొదలవుతాయి. ఎనిమిదో తరగతి, తొమ్మిదో తరగతి పిల్లలున్న తల్లిదండ్రులు మొదటి పేరెంట్ టీచర్ మీటింగ్‌లో ప్రిన్సిపాల్‌ను రెండు ప్రశ్నలు అడగవచ్చు. మన స్కూల్లో ఎన్‌సీసీ ట్రూప్ ఉందా, లేకపోతే సికింద్రాబాద్‌లోని ఎన్‌సీసీ డైరెక్టరేట్‌కు దరఖాస్తు ఎప్పుడు పెడతారు? దాన్ని నడిపేందుకు ఏ టీచరును పంపుతారు, ఆ టీచరుకు పాఠాల భారం ఎంత తగ్గిస్తారు? రెండో ప్రశ్నకు జవాబు వచ్చేదాకా మీటింగ్ హాల్లోంచి లేవకూడదు.