యెనిచెరీ దళం - చట్టమూ ధర్మమూ: ఒక పరిశీలన

ఉస్మానీ సామ్రాజ్యపు యెనిచెరీ దళాన్ని గురించి వ్రాసేవారు సాధారణంగా దాని విజయాలతోనో, పతనంతోనో ప్రారంభిస్తారు. ఆ దళంలోనికి మనుషులు ఎట్లా వచ్చారు, ఆ పద్ధతి షరీఅత్‌కు సమ్మతమేనా అన్న ప్రశ్న వెనుకబడిపోతుంది. ఈ ప్రశ్నకు దళం లోపలినుండే సామగ్రినిచ్చే గ్రంథం 'ఖవానీనె యెనిచెరియాన్', అనగా యెనిచెరీల చట్టాలు. మొదటి అహ్మద్ పాలనలో, 1606లో, ఆ దళానికే చెందిన ఒకరు తన పేరు చెప్పకుండా దీనిని రచించారు.

తుర్కీలో 'యెని' అంటే కొత్త, 'చెరి' అంటే సైన్యం. 14వ శతాబ్దిలో, మొదటి మురాద్ కాలంలో ఈ పదాతి దళం రూపుదిద్దుకున్నది. యుద్ధఖైదీలలో అయిదవ వంతు పాలకునికి చెందుతుందన్న నియమమే దీనికి పునాది అని 15వ శతాబ్దపు చరిత్రకారుడు ఆషిక్ పాషాజాదా వ్రాశాడు. హాజీ బెక్తాష్ వలీ స్వయంగా ఈ దళాన్ని దీవించాడనీ, సైనికుల తెల్ల టోపీ వెనుక వ్రేలాడే వస్త్రం ఆయన అంగీ చేతికి గుర్తనీ ఒక కథ ఉన్నది. కాని ఆ వలీ 13వ శతాబ్దికి చెందినవారు. ఆయన ఉస్మానీ వంశీయులెవరినీ కలవలేదని ఆషిక్ పాషాజాదా కూడా ఖండించాడు. దళానికి బెక్తాషీలతో తరువాత ఏర్పడిన గాఢసంబంధం నిజమే. దానిని పుట్టుకకు అంటగట్టడం మాత్రం చరిత్ర అనిపించుకోదు.

దళపు ఆచారాలలో భోజనానికి పెద్దపీట. పటాలపు అధికారిని 'చోర్బాజీ' అనేవారు; ఉర్దూ 'షోర్బా'కూ ఈ మాటకూ మూలమొకటే. వంట దేగును బోర్లించడం తిరుగుబాటుకు సంకేతం. సుల్తాను ఉప్పు తిన్నామన్న విశ్వాసం, ఇక తినబోమన్న బెదిరింపు, రెండూ ఆ పాత్రలోనే ఉన్నాయి.

అయితే, ఖైదీలతో మొదలైన పద్ధతి తరువాత 'దెవ్‌షిర్మె'గా, అనగా సొంత రాజ్యంలోని క్రైస్తవ ప్రజల బాలురను సేకరించడంగా మారింది. ఒక్కడే కొడుకైతే తీసుకోరాదని, వివాహితుణ్ణి తీసుకోరాదని గ్రంథకర్త నియమాలను శ్రద్ధగా పేర్కొన్నాడు. బాలురకు ఎర్రని దుస్తులు తొడిగించి తీసుకుపోయేవారు; ఆ దుస్తుల ఖర్చు కూడా ఆ గ్రామాలపైనే పడేది. గ్రంథకర్త బాధంతా బయటివారు చొరబడి పాత చట్టం చెడిపోయిందనే. 1527లో సుమారు 8 వేలున్న దళం 1609 నాటికి 37 వేలు దాటింది గనుక ఆ బాధ నిరాధారం కాదు. కాని ఆ చట్టమే న్యాయమా అని అతడు ఒక్కచోట కూడా అడగలేదు. గ్రంథానికి ఇదే పెద్ద లోపం.

బలప్రయోగంతో జయించిన ప్రాంతం గనుక అక్కడి వారి పిల్లలను తీసుకోవచ్చునని ఇద్రీస్ బిద్లీసీ వంటివారు సమర్థించారు. ఈ వాదం నిలువదు. ఇరాఖ్‌లోని సవాద్ ప్రాంతం కూడా యుద్ధంలో గెలిచినదే. హజ్రత్ ఉమర్ (రజి) అక్కడి ప్రజలను బానిసలుగా పంచలేదు. జిజియా, ఖరాజ్‌లు విధించి, స్వతంత్రులుగా వారి భూములపైనే ఉండనిచ్చారు. జిజియా స్వీకరించిన ప్రభుత్వం వారి ప్రాణానికీ, సంతానానికీ రక్షకురాలు. ఖైదీలకు వర్తించే అయిదవ వంతు నియమం జిమ్మీల బిడ్డలకు వర్తించదు. ధర్మంలో బలాత్కారాన్ని నిషేధించిన ఖుర్ఆన్ ఆదేశం (2:256) దీనికి అదనం.

ఈ మార్గాన వచ్చినవారే వాస్తుశిల్పి సినాన్, 1565 నుండి 1579 వరకు వజీరె ఆజమ్‌గా ఉన్న సొకొల్లు మెహ్మద్ పాషా. బోస్నియాలో ఇస్లాం స్వీకరించిన కుటుంబాలు తమ పిల్లలను స్వయంగా పంపిన మాట కూడా వాస్తవమే. కాని ఎదిగినవారి వైభవం, ఏడ్చిన తల్లికి జవాబు కాజాలదు.

17వ శతాబ్దిలో బాలుర సేకరణ క్రమంగా తగ్గిపోయింది. 1826 జూన్‌లో రెండవ మహ్మూద్ దళాన్నే రక్తపాతంతో రద్దుచేసి, దానికి 'శుభసంఘటన' అని పేరు పెట్టించాడు. ముస్లిం రాజు చేసినదల్లా ఇస్లాం కాదు. 'ఖవానీన్'ను చదివే ముస్లిం పాఠకుడు సుల్తానుల చట్టాన్ని షరీఅత్ త్రాసులో తూచాలే గాని, షరీఅత్‌ను ఆ చట్టానికి అనుగుణంగా వంచరాదు.