రానూపోనూ ఒక్కసారే

బ్యాంకు మెయిన్‌ఫ్రేమ్‌లో ఒక ఖాతా నిల్వ మారితే, ఆ మార్పు అక్కడి డిస్కులోనూ, యాభై కిలోమీటర్ల అవతల మరో భవనంలో ఉన్న డిస్కులోనూ పడాలి. అవతల పడిందని కబురు వచ్చాకే ఇక్కడి ప్రోగ్రాం కదులుతుంది. ఐబీఎం వాళ్లు దీన్ని ఒకప్పుడు పీపీఆర్‌సీ అనేవాళ్లు, ఇప్పుడు మెట్రో మిర్రర్ అంటున్నారు. మొదటి భవనం కాలిపోయినా, పూర్తయిన లావాదేవీ ఏదీ పోదు. అందుకు బదులుగా ప్రతి రాతకూ కాసేపు ఆగాలి. ఆ ఆగే సమయాన్ని కోసుకుంటూ వచ్చిన ఇంజినీర్ల పనితనం చూస్తే నాకు ఎంతో గౌరవం కలుగుతుంది.

గాజు తీగలో కాంతికి కిలోమీటరుకు సుమారు 5 మైక్రోసెకన్లు పడుతుంది. వెళ్లి రావడానికి 10. అంటే యాభై కిలోమీటర్లకు అర మిల్లీసెకను. పైగా కేబుల్ మ్యాపులో గీత గీసినట్టు తిన్నగా పోదు, రోడ్లూ వంతెనలూ చుట్టుకుని పోతుంది. దగ్గరి క్యాష్‌లో రాయడం మిల్లీసెకనులో కొద్ది భాగంతో అయిపోతుంది కనుక, ఈ అర మిల్లీసెకను పెద్ద భారమే. డేటాబేస్ లాగ్ దగ్గర అది బాగా తెలుస్తుంది. అక్కడ ఒక రాత ముగిస్తేనే తర్వాతిది మొదలవుతుంది కాబట్టి, తీగలు ఎన్ని కలిపినా ఆ వరస వేగం పెరగదు. అమీర్‌పేట కోచింగుల్లో కోబాల్, జేసీఎల్ నేర్చుకున్న మనవాళ్లు చాలామందికి ప్రోగ్రాం వైపు సంగతులే తెలుసు. అందుకే ఈ నిరీక్షణ వాళ్ల కంట పడదు; అది మెయిన్‌ఫ్రేమ్ పనితీరు కొలిచే ఆర్‌ఎంఎఫ్ రిపోర్టులో డిస్కనెక్ట్ టైమ్ అనే అంకెగా బయటపడుతుంది.

కాంతి వేగం మన చేతిలో లేదు. మరి ఏం చెయ్యాలి? ఒక్కో రాతకు కాంతి ఎన్నిసార్లు వెళ్లి రావలసి వస్తోందో లెక్కపెట్టారు. మామూలు ఫైబర్ చానల్ పద్ధతిలో రెండుసార్లు. ‘రాయబోతున్నాను’ అని ఆదేశం వెళ్తుంది, ‘సిద్ధం, పంపు’ అని జవాబు వస్తుంది. అప్పుడు డేటా వెళ్తుంది, ‘చేరింది’ అని మళ్లీ జవాబు. పరాయివాళ్ల ఇంటికి బియ్యం పంపే ముందు చోటుందా అని అడుగుతాం, సొంత అన్న ఇంటికైతే అడక్కుండానే బస్తా బండెక్కిస్తాం. రెండు కొసల్లోనూ ఉన్నవి ఒకే ఇంటి స్టోరేజ్ పెట్టెలు కనుక, అవతలి పెట్టె ముందే బఫర్లు ఖాళీ పెట్టి ఉంచుతుంది, ఆదేశంతో పాటే డేటా బయల్దేరుతుంది. దీని పేరు ప్రీ-డిపాజిట్ రైట్. కేబుల్ మారలేదు, కాంతి వేగం పెరగలేదు. అక్కర్లేని ఒక ప్రశ్నను తీసేశారు, అంతే. యాభై కిలోమీటర్ల దగ్గర ప్రతి రాతకూ అర మిల్లీసెకను మిగిలింది.

తీగను ఖాళీగా ఉంచకపోవడం ఇంకో పని. 8 గిగాబిట్ల వేగంలో రెండు కిలోబైట్ల నిండు ఫ్రేము తీగలో సుమారు అర కిలోమీటరు పొడవు ఉంటుంది. యాభై కిలోమీటర్లు పోయి జవాబు వచ్చేలోపు తీగ నిండుగా ఉండాలంటే స్విచ్ పోర్టుకు దాదాపు 200 బఫర్ క్రెడిట్లు, అంటే జవాబు రాకముందే ఒక్కో ఫ్రేము పంపే అనుమతులు, కావాలి. ఫ్రేములు చిన్నవైతే ఇంకా ఎక్కువ.

వందల కిలోమీటర్లు దాటితే ప్రతి రాతకూ ఆగడం కుదరదు. అలాంటి దూరాలకు 1990ల మధ్యలో ఎక్స్‌ఆర్‌సీ వచ్చింది. ఇందులో ప్రోగ్రాం ఎదురుచూడదు. ప్రతి రాత మీదా మెయిన్‌ఫ్రేమ్ ఒక సమయ ముద్ర వేస్తుంది. సాధారణంగా దూరపు కేంద్రంలో నడిచే సిస్టమ్ డేటా మూవర్ అనే సాఫ్ట్‌వేర్ ఆ రాతలను ఇటు నుంచి లాక్కుని, ఎన్ని స్టోరేజ్ పెట్టెల నుంచి వచ్చినా కాలక్రమంలో పేర్చి, ముందు జర్నల్‌లోనూ తర్వాత డిస్కుల్లోనూ రాస్తుంది. అవతలి కాపీ కొన్ని సెకన్లు వెనకబడొచ్చు గానీ వరస తప్పదు. లాగ్ కంటే ముందు డేటా చేరిన కాపీ డేటాబేస్‌కు పనికిరాదు కదా!

అయితే ఈ లాగడానికీ ఒక అడ్డు ఉండేది. మెయిన్‌ఫ్రేమ్‌ను స్టోరేజ్‌తో కలిపే ఫైకాన్ చానల్ జవాబు కోసం ఆగకుండా పంపగలిగేది 16 సందేశాలే. ఆ లోటు కనిపించకుండా, మధ్యలో పెట్టిన ఎక్స్‌టెండర్ పెట్టెలు అవతలి వైపు తరఫున దగ్గర నుంచే జవాబు చెప్పేవి. 2008లో జెడ్10 మెయిన్‌ఫ్రేమ్‌తో వచ్చిన ఎక్స్‌టెండెడ్ డిస్టెన్స్ ఫైకాన్ ఆ హద్దును 255 దాకా జరిపింది.

నాకు అన్నిటికన్నా నచ్చింది ఎక్స్‌ఆర్‌సీలోని రైట్ పేసింగ్. లింకు నెమ్మదిస్తే, పంపాల్సిన రాతలు క్యాష్‌లో పేరుకుంటాయి. తొలినాళ్లలో అలాంటప్పుడు రాతలు పేరుకున్న డిస్కు మీద రాయడాన్నే కాసేపు నిలిపేసేవారు. రైట్ పేసింగ్‌లో ఎక్కువగా రాస్తున్న డిస్కు మీద చిన్న ఆలస్యం పెడతారు, ఒత్తిడిని బట్టి మెట్టుమెట్టుగా పెంచుతారు. తర్వాత దీన్ని, పనుల ప్రాధాన్యం చూసే వర్క్‌లోడ్ మేనేజర్‌తో కలిపారు. దాంతో ఒకే డిస్కు మీద రాస్తున్నా రాత్రి బ్యాచ్ జాబ్‌కు ఎక్కువ ఆలస్యం పడుతుంది, ఏటీఎం ముందు నిలబడ్డ మనిషి లావాదేవీకి తక్కువ.