తండ్రి కంఠం, కుమార్తె మాట: ‘ది ఎయిరెస్’ చిత్రంలో వాచికాభినయం

హెన్రీ జేమ్స్ 1880లో ప్రచురించిన ‘వాషింగ్టన్ స్క్వేర్’ నవలను రూత్, ఆగస్టస్ గెట్జ్ దంపతులు 1947లో నాటకంగా మలిచారు. ఆ నాటకం ఆధారంగా విలియం వైలర్ దర్శకత్వంలో పారమౌంట్ సంస్థ 1949లో విడుదల చేసిన చిత్రం ‘ది ఎయిరెస్’. కేథరిన్ స్లోపర్ పాత్రకు ఒలీవియా డి హావిలాండ్ ఉత్తమ నటిగా ఆస్కార్ అందుకున్నారు. ఈ చిత్రాన్ని వంచితురాలైన స్త్రీ ప్రతీకార కథగా చదవడం పరిపాటి. ప్రియుడు బయట తలుపు బాదుతుండగా దీపం పట్టుకొని ఆమె మేడమెట్లు ఎక్కే చివరి దృశ్యం ఆ పఠనానికి ప్రధానాధారం. అయితే పాత్రల వాచికాన్ని మొదటినుంచీ అనుసరిస్తే ఆ విజయం అంత నిర్మలంగా కనిపించదు. కేథరిన్ చివరికి మాట్లాడేది తండ్రి కంఠంతో. శీర్షిక సూచించే వారసత్వం డబ్బుతోనే ఆగిపోలేదు.

నాట్యశాస్త్రం వాచికాభినయంలో కాకువును ప్రత్యేకంగా చర్చించింది. మాట అదే అయినా పలికే తీరు మారితే భావం మారుతుంది. స్వరభేదంపై ఇంతగా ఆధారపడిన చిత్రానికి ఈ పరిభాష పరాయిది కాదు. ప్రారంభంలో కేథరిన్ మాటలు ఊపిరి అందనట్టు, తడబడుతూ వస్తాయి. వీధిలో తానే చేపను కొని ఇంట్లోకి తెచ్చినప్పుడు, మరోసారి అమ్మేవాడినే తీసుకురానిమ్మని తండ్రి డాక్టర్ ఆస్టిన్ స్లోపర్ అంటాడు. అందులో కోపం లేదు. మర్యాదతో చేసిన సవరణ మాత్రమే. అయినా ఆమె ఉత్సాహం అక్కడికక్కడే అణగిపోతుంది. మేనత్త లవీనియా దగ్గర మాత్రం ఆమె చతురంగా మాట్లాడగలదు. కాబట్టి ఆమెకు వాక్శక్తి లేదన్న తండ్రి నిర్ణయం ఆయన సమక్షంలోనే నిజమవుతుంది.

స్లోపర్‌ను రాల్ఫ్ రిచర్డ్‌సన్ దుష్టపాత్రగా పోషించలేదు. ఆయన స్వరం దాదాపు ఎక్కడా హెచ్చదు. రోగిని పరీక్షించే వైద్యుని తటస్థతతో కన్నకూతుర్ని అంచనా వేస్తాడు. కేథరిన్ తల్లికి నచ్చిన ఎరుపు రంగు దుస్తులతో ఎదుట నిలిస్తే, ఆ తల్లి ఆ రంగును తన అందంతో శాసించేదని గుర్తుచేస్తాడు. ఈడిత్ హెడ్, గైల్ స్టీల్‌లకు ఆస్కార్ తెచ్చిన ఆహార్యం ఇది. కాని చిత్రం నలుపు తెలుపుల్లో ఉన్నందున ఆ ఎరుపు ప్రేక్షకునికి మాటల ద్వారానే అందుతుంది. ఐరోపా యాత్రనుంచి తిరిగివచ్చాక క్రౌర్యం పూర్తిగా బయటపడుతుంది. డబ్బు తప్ప ఆమెలో పురుషుణ్ణి ఆకర్షించేదేమీ లేదని చెప్పి, చివర ఒక మినహాయింపు ఇస్తాడు: ఎంబ్రాయిడరీ చక్కగా చేస్తుందట. ఈ మాటను రిచర్డ్‌సన్ ఎత్తిపొడుపుగా పలకరు. న్యాయంగా ఉండాలని ప్రయత్నించే మనిషి గొంతుతో పలుకుతారు. చిత్రంలో ఇంతకంటె భయంకరమైన క్షణం మరొకటి లేదు.

మోరిస్ టౌన్‌సెండ్‌గా మాంట్‌గొమరీ క్లిఫ్ట్ నటనపై ఒక ఆక్షేపణకు అవకాశం ఉంది. ఆయన నిలబడే తీరు, పలుకుబడి పందొమ్మిదో శతాబ్ది న్యూయార్క్‌కు చెందినవిగా తోచవు. ఆక్షేపణ సరైనదే. కాని ఆ పొసగనితనం పాత్రకు మేలే చేసింది. ఆ బిగుసుకున్న ఇంట్లోకి అతడు బయటి గాలిలా వస్తాడు. కేథరిన్ తడబాటును ఓపికగా వింటాడు. తల్లి ద్వారా ఆమెకు సంక్రమించిన ఏటా 10,000 డాలర్ల ఆదాయాన్ని, తండ్రి ఆస్తిని అతడు లెక్కవేసుకున్నాడా, ఆమెను కొంతైనా ప్రేమించాడా అన్నది క్లిఫ్ట్ తేల్చనివ్వరు. మోరిస్ దురాశ తేటతెల్లంగా ఉంటే స్లోపర్ దూరదృష్టిగల తండ్రిగా మిగిలేవాడు. ఈ సందిగ్ధత వల్ల, ఆయన విషయం సరిగా గ్రహించి కూడా కూతురి పట్ల అపరాధే అవుతాడు.

లేచిపోవడానికి నిర్ణయించుకున్న రాత్రి, తండ్రి సొత్తు తనకు అక్కరలేదని కేథరిన్ మోరిస్‌కు సంతోషంగా చెబుతుంది. అతడు తిరిగి రాడు. బండి చప్పుడు వినిపించి దాటిపోతుంది. ఇంతవరకు తనను ప్రేమించనివారందరి బదులు మోరిస్ ప్రేమించి తీరాలన్న ఆమె ఆక్రందనలో తండ్రి కూడా చేరిపోయాడని గ్రహించాలి. తరువాత సామానుతో ఆమె మెట్లెక్కే దృశ్యంలో మాట లేదు. బరువుకు వంగిన దేహమే సాత్త్వికాన్ని మోస్తుంది. ‘గాన్ విత్ ద విండ్’ (1939)లో మెలనీగా సౌమ్యతకు మారుపేరైన తార ఈమె. వార్నర్ బ్రదర్స్‌తో ఒప్పంద వివాదాన్ని 1944లో న్యాయస్థానంలో గెలిచిన నటి కూడా ఈమెనే. మొదటి సగంలో ప్రేక్షకుడు మెలనీని చూస్తాడు గనుకనే రెండో సగం అంతగా కలవరపెడుతుంది.

ఆ రాత్రి తరువాత డి హావిలాండ్ స్వరం కిందికి దిగుతుంది; వాక్యాలు తొందర లేకుండా ముగుస్తాయి. మరణం సమీపించిన తండ్రికి ఆమె కాగితం అందించి, తనకు ఆస్తి దక్కకుండా వీలునామా మార్చుకొమ్మంటుంది. ఇన్నాళ్లకు నోరు వచ్చింది, ఇంత ఘోరమైన మాటలకా అని ఆయన వాపోతే, ఈ ఒక్క రంగంలో మీరు నన్ను అమ్మతో పోల్చలేరని బదులిస్తుంది. ఈ సంభాషణలో పాత్రల కాకువు తారుమారైంది: స్లోపర్ గొంతు వణుకుతుంది, కేథరిన్ గొంతు రోగనిర్ధారణ చేస్తున్నట్టు నిశ్చలంగా ఉంటుంది. ఆయన చివరి గడియల్లో పిలుపు వచ్చినా ఆమె ఎదుటి తోటలో బల్లమీదనుంచి కదలదు. ఇంత కఠినత్వం ఎలా వచ్చిందని తరువాత మేనత్త అడిగితే, గొప్ప గురువుల వద్దే నేర్చుకున్నానంటుంది. ఆ బహువచనంలో మోరిస్‌తోపాటు తండ్రీ ఉన్నాడు.

జేమ్స్ నవలలో ముగింపు వేరు. అక్కడ తలుపుకు గడియ వేయడం లేదు. వయసు మీదపడిన మోరిస్‌ను మర్యాదగా పంపివేసి కేథరిన్ కుట్టుపని అందుకుంటుంది. చిత్రంలో ఆమె ఎంబ్రాయిడరీ పూర్తిచేసి దారం తెంచివేస్తుంది. తండ్రి ఆమెకు ఒప్పుకున్న ఏకైక యోగ్యతను కూడా అక్కడితో వదులుకున్నట్టే. ఇంతవరకు ప్రతీకార పఠనాన్ని కాదనలేం. కాని వెంటనే గడియ వేయమని పనిమనిషికి ఆజ్ఞాపించే స్వరం స్లోపర్‌ది. ఆమె దీపంతో మెట్లెక్కి వెళ్లేది ఆ తండ్రి ఇంటి పైఅంతస్తుకే. కింద మోరిస్ పిలుస్తూనే ఉంటాడు. డి హావిలాండ్ ముఖంలో తృప్తి ఉంది, దానితోపాటు పేరు పెట్టలేని మరొకటి కూడా ఉంది, వైలర్ దాన్ని విప్పిచెప్పకుండానే చిత్రాన్ని ఆపివేశాడు.