అర్ధరాత్రి ఆట, తెల్లారి నీళ్లు

ఆదోనిలో ఈ వారం ఒక ఉగ్గాని బజ్జీ హోటల్ ముందు బార్సిలోనా జెర్సీ వేసుకున్న కుర్రాడొకడు కనిపించాడు. బట్టల అంగట్లో పని. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "రాత్రి మ్యాచ్ చూస్తివా?" అని పక్కనాయన అడిగితే, "యాడన్నా! సగంలో కరెంటు పాయ. ఆనక నెట్టూ అయిపాయ. ఆఖరికి స్కోరు మా వాడికి ఫోన్ చేసి కనుక్కుంటి" అన్నాడు. మన పాతకాలపు ఫుట్‌బాల్ ఆటగాడు తులసీదాస్ బలరాం పేరు విన్నావా అని అడిగితే, లేదని తల అడ్డంగా ఊపాడు.

ఆ ప్రశ్న ఈ కాలమ్ పాఠకులకు కొత్త కాదు. మన ఆటగాళ్లను మరిచిపోయి స్పెయిన్, ఇంగ్లండ్ జట్ల వెంట పడటం ఏమిటన్నది ఇక్కడ ఎప్పటినుంచో ఉన్న ఫిర్యాదే.

అయినా ఆ కుర్రాడి రాత్రిని కాస్త దగ్గరగా చూడాలి. చాంపియన్స్ లీగ్ పెద్ద మ్యాచ్‌లు మనకు ఎండాకాలంలో అర్ధరాత్రి పన్నెండున్నరకు, చలికాలంలో ఒంటిగంటన్నరకు మొదలవుతాయి. ఇంటిల్లిపాదీ ఒకే గదిలో పడుకుంటారు. ఫోనును చెంబుకు ఆనించి, శబ్దం పూర్తిగా తగ్గించి, దుప్పటి కప్పుకుని చూడాలి. గోల్ పడితే దిండును నోటికి అదుముకోవాలి. తెల్లారి కొళాయి వచ్చే రోజైతే నిద్ర తీరకముందే బిందెలు పట్టాలి. ఆదోని యార్డుకు పత్తి పోటెత్తే నెలల్లోనే యూరప్ లీగులూ జోరు మీద ఉంటాయి కాబట్టి జిన్నింగ్ మిల్లులో రాత్రి షిఫ్టు పడినవాడికి ఆ చూపూ దక్కదు. ఎమ్మిగనూరులో జనవరి వచ్చిందంటే నీలకంఠేశ్వరస్వామి జాతర. ఇంటినిండా చుట్టాలు దిగితే ఫోను పెట్టుకోవడానికి మూల కూడా మిగలదు. ఇక సాయంత్రం మైదానానికి వెళ్లి తానే ఆడదామంటే అక్కడ నాలుగైదు క్రికెట్ ఆటలు ఒకదాని మీద ఒకటి నడుస్తుంటాయి.

బలరాం కష్టాలూ ఇలాంటి చిన్నవే. సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో 1936లో పుట్టారు. ఆయన ఆట సయ్యద్ అబ్దుల్ రహీం కంట పడింది. రహీం బడిపంతులు. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్పు గెలిచిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును తీర్చిదిద్దింది ఆయనే. ప్రాక్టీసుకు రమ్మంటే, అంత దూరం రోజూ వచ్చే స్తోమత లేదన్నాడు కుర్రాడు. అప్పుడు రహీం ఉపన్యాసమేమీ ఇవ్వలేదు. అద్దె సైకిలుకు డబ్బులిచ్చారు. ఆ సైకిలు మీద వచ్చిన పిల్లవాడు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం సాధించిన భారత జట్టులో ఉన్నాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగేరీ మీద, పెరూ మీద గోల్స్ కొట్టాడు. 1962లో జకార్తా ఆసియా క్రీడల స్వర్ణం తెచ్చిన జట్టులోనూ ఉన్నాడు. అప్పటికే జబ్బుతో ఉన్న రహీం ఆ మరుసటి ఏడాదే పోయారు. ఊపిరితిత్తుల జబ్బు వల్ల ముప్పై నిండకుండానే బలరాం కూడా ఆట మానుకోవాల్సి వచ్చింది.

ఇక్కడే ఆ పాత ఫిర్యాదుకు అడ్డుపడే సంగతి ఒకటుంది. బలరాం పేరు వెలిగింది కలకత్తాలో, ఈస్ట్ బెంగాల్ జెర్సీలో. 2023 ఫిబ్రవరిలో కన్నుమూసిందీ అక్కడే. సొంతూరి అభిమానులకు ఆయన ఆట ఎక్కువగా పేపర్లో స్కోరుగానే అందింది. గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్‌దీ అదే దారి, ఆయనా కలకత్తా క్లబ్బులకే వెళ్లారు. దూరాన ఆడే జట్టు మీద ప్రాణం పెట్టుకోవడం మన అభిమానికి సెల్‌ఫోన్ నేర్పిన అలవాటు కాదు.

పోనీ, సొంత జట్టు వచ్చింది కదా అంటే, 2019లో పుట్టిన హైదరాబాద్ ఎఫ్‌సీ సంగతే చూడండి. 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) కప్పు ఎత్తింది. గోల్‌కీపర్ కట్టిమణి ఆ రాత్రి మూడు పెనాల్టీలు ఆపాడు. కానీ కోవిడ్ వల్ల ఆ సీజను మొత్తం గోవాలోనే జరిగింది. హైదరాబాద్‌లోని అభిమాని కూడా ఆదోని అభిమానిలాగే తెర మీదే చూశాడు. తర్వాత డబ్బు కష్టాలు ముదిరాయి. 2025లో ఆ క్లబ్బు ఢిల్లీకి తరలి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. జట్టు ఊరొదిలి వెళ్లిపోయినప్పుడు, ఊరి జట్టును అభిమానించడం లేదేమని కుర్రాళ్లను నిలదీయడం న్యాయం కాదు.

ఆ కుర్రాడి బార్సిలోనా జెర్సీ కూడా అనుకున్నంత పరాయిది కాదు. కరువు సీమలో గ్రామీణాభివృద్ధి ట్రస్టును నిలబెట్టిన విన్సెంట్ ఫెర్రర్ బార్సిలోనాలో పుట్టినవాడు. 1969లో అనంతపురం వచ్చి 2009లో చనిపోయేదాకా అక్కడే ఉన్నాడు. ఆ సంస్థ క్రీడా గ్రామంలో పల్లె పిల్లలు, ఆడపిల్లలతో సహా, బూట్లు కట్టుకుని పచ్చిక మీద ఫుట్‌బాల్ నేర్చుకుంటున్నారు. హైదరాబాద్‌కు ఐఎస్‌ఎల్ కప్పు తెచ్చిన కోచ్ మనోలో మార్కెజ్‌దీ బార్సిలోనాయే.

ఆదోని నుంచి గుంతకల్లు మీదుగా అనంతపురం ఎంతో దూరం లేదు. అక్కడ వీలైనది ఇక్కడెందుకు కాదని అడగాల్సింది రాత్రంతా మేలుకున్న పిల్లలను కాదు, ఆదోని, ఎమ్మిగనూరు మునిసిపాలిటీలను. వారంలో మూడు సాయంత్రాలు మైదానంలో సగం ఫుట్‌బాల్‌కు వదలాలి. కొలత ప్రకారం రెండు గోల్‌పోస్టులు పాతాలి. చీకటి పడ్డాక గంటసేపు వెలిగే లైటొకటి పెట్టాలి. వలలకు పిల్లలే చందా వేసుకుంటారు.