ఎండవేళ గడియారంతో పోటీ

టైమ్ ట్రయల్‌లో సైక్లిస్టులను నిమిషానికొకరు చొప్పున వదులుతారు. ముందున్నవారి వెనక చేరి గాలి తప్పించుకోవడం నిషిద్ధం. ఎవరి సమయం వారిది, అదే ఫలితం. ఔత్సాహికుల్లో ఈ పోటీ బాగా వేళ్లూనుకున్న దేశం ఇంగ్లండ్. పోలీసులతో చిక్కులు వస్తాయని 1890లలో అక్కడి జాతీయ సైక్లిస్టుల సంఘం రోడ్డు పందేలకు అడ్డుచెప్పింది. అందుకే, పందెంలా కనిపించకుండా, 1895 అక్టోబరులో నార్త్ రోడ్ క్లబ్ 50 మైళ్ల పోటీలో ఒక్కొక్కరినే విడిగా వదిలింది. ఆ తర్వాత దశాబ్దాల పాటు ఈ పోటీలు తెల్లవారుజామున, నల్లటి దుస్తుల్లో, దారుల పేర్లకు బదులు సంకేతాలతో దాదాపు గుట్టుగా సాగాయి. ఇప్పటికీ ఆదివారం పోటీలు చాలావరకు పొద్దున్నే మొదలవుతాయి. వాహనాల రద్దీ తప్పించుకోవడానికి పెట్టుకున్న ఆ వేళే వేసవిలో ఎండనూ తప్పిస్తుంది. మధ్యాహ్నం జరిగే పోటీలకు, 100 మైళ్లకు, 12 గంటల పోటీకి ఆ వీలు లేదు.

వేడి వల్ల అంతా నష్టమే అనుకోవడం పొరపాటు. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో సైక్లిస్టు బలమంతా దాదాపు గాలిని చీల్చడానికే ఖర్చవుతుంది. వేడెక్కిన గాలి పలచబడుతుంది: 15 డిగ్రీల దగ్గరకంటే 30 డిగ్రీల దగ్గర దాని సాంద్రత సుమారు 5 శాతం తక్కువ. అంతే బలంతో తొక్కితే 25 మైళ్ల దూరంలో ముప్పావు నిమిషం దాకా కలిసివస్తుంది. ఆ దూరాన్ని గంటలోపు ముగించాలన్నది క్లబ్ సైక్లిస్టుల చిరకాలపు కోరిక కాబట్టి అది చిన్న లాభం కాదు. కానీ ఆ లాభం చేతికందాలంటే శరీరం అంతే బలాన్ని చివరిదాకా ఇవ్వాలి. చిక్కంతా అక్కడే ఉంది.

కండరాలు ఖర్చుచేసే శక్తిలో పావు వంతు కూడా పెడల్‌కు చేరదు, మిగతాదంతా వేడిగా మారుతుంది. 250 వాట్లతో తొక్కేవారి ఒంట్లో 800 వాట్లకు పైగా వేడి పుడుతుంది. అదంతా చెమటతోనే పోవాలంటే గంటకు లీటరుకు పైగా చెమట ఆవిరవ్వాలి. కారిపోయిన చెమట చల్లబరచదు, ఆరిన చెమటే చల్లబరుస్తుంది. అందుకే తెలంగాణ పొడి ఎండకంటే విశాఖ ఉక్కపోతలో కొన్ని డిగ్రీలు తక్కువున్నా తొక్కడం కష్టం. వెనుకగాలి వీస్తున్నప్పుడు, ఎత్తు ఎక్కుతున్నప్పుడు ఒంటికి తగిలే గాలి తగ్గుతుంది, వేడి అక్కడే పేరుకుంటుంది. ఇంతలో రక్తం కొంత చర్మానికి మళ్లుతుంది, చెమటతో దాని పరిమాణమూ తగ్గుతుంది. దాంతో బలం పెరగకపోయినా గుండె వేగం పెరుగుతూ పోతుంది.

సన్నాహం పోటీకి పది, పద్నాలుగు రోజుల ముందే మొదలవ్వాలి. రోజూ కొంతసేపు వేడిలో తొక్కితే రక్తంలో ద్రవభాగం పెరుగుతుంది, చెమట త్వరగా పడుతుంది, అందులో ఉప్పు తగ్గుతుంది. ఇంతకు సాటివచ్చే పరికరం ఏదీ లేదు. పోటీనాడు వార్మప్ నీడలో, క్లుప్తంగా ముగించాలి. పలచని మేజోడులో మంచుముక్కలు నింపి, ఒంటికి అతుక్కునే పోటీ దుస్తు స్కిన్‌సూట్ లోపల మెడ వెనక పెట్టుకోవడం, బయలుదేరే ముందు నలగ్గొట్టిన ఐసు తాగడం బాగా పనిచేస్తాయి. గాలి రంధ్రాలు లేని ఏరో హెల్మెట్ చిన్న పోటీలో సెకన్లు మిగిల్చినా, 50 మైళ్లు దాటితే గాలి ఆడే హెల్మెట్టే మేలు. 10 మైళ్లకు దారిలో నీళ్లు అక్కర్లేదు. గంట దాటితే ఉప్పు కలిపిన సీసా ఒకటి ఉండాలి.

అన్నిటికంటే కష్టమైన విద్య మొదటి పది నిమిషాల్లో తగ్గి తొక్కడం. ఒళ్లింకా చల్లగానే ఉంటుంది, కాళ్లలో సత్తువ పొంగుతుంటుంది, నిమిషం ముందు వెళ్లిన సైక్లిస్టు దూరంగా కనిపిస్తుంటాడు. తొక్కే బలాన్ని కొలిచే పవర్ మీటర్ చూపే అంకె అప్పుడు తేలిగ్గా అనిపిస్తుంది. సత్తువ పెరిగిందన్నది భ్రమ, వేడి ఇంకా లోపలికి చేరలేదంతే. మామూలు రోజుకంటే ఐదు శాతం తక్కువ బలంతో మొదలుపెట్టి, సగం దారిలో వెనక్కి మలుపు తిరిగాక ఒంట్లో మిగిలిన సత్తువను చూసి పెంచుకోవాలి. మొదట్లో ఎక్కువ ఖర్చుచేసినవారు చల్లని రోజున సెకన్లు పోగొట్టుకుంటారు, ఎండలో నిమిషాలు పోగొట్టుకుంటారు. గుండె వేగం చూపే మీటర్‌ను అతిగా నమ్మకూడదు. ఎండలో అది ఎలాగూ ఎక్కువే చూపిస్తుంది. ఊపిరి లయను గమనించడమే నమ్మదగిన కొలత, అది అనుభవంతోనే పట్టుబడుతుంది.

మండే ఎండలో వణుకు పుట్టినా, రోమాలు నిక్కబొడుచుకున్నా, మాట తడబడినా ఆ క్షణమే సైకిల్ దిగాలి. తోటివారు అలా మాట తడబడి, తికమకపడుతూ కనిపిస్తే నీడకు చేర్చి అంబులెన్సును పిలవండి. అది వచ్చేదాకా ఆగకుండా, చల్లటి నీళ్లతో ఒళ్లంతా తడుపుతూనే ఉండండి.